అమ్మకి బీఆర్‌సీఏ టెస్ట్ (వంశంలో వచ్చే క్యాన్సర్‌కి చేసే జీన్ టెస్ట్) చేపించినోళ్ళు ఎవరన్నా ఉన్నారా? మాది కడప

అన్నలూ అక్కలూ కొంచెం హెల్ప్ చేయండి. మా అమ్మకి 54 ఏళ్ళు, అండాశయం క్యాన్సర్ అని తేలింది, కీమో నడుస్తా ఉంది. పిన్నమ్మకి 41 ఏళ్ళకే రొమ్ము క్యాన్సర్ వచ్చింది, మా అవ్వ అయితే కడుపు ఉబ్బి చనిపోయింది, అప్పట్లో అదేం జబ్బో ఎవురికి తెలుసు, గ్యాస్ అనుకున్నారంట.

డాక్టర్ ఇది వంశంలో వచ్చేది కావచ్చు, బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 జీన్ టెస్ట్ ముందు అమ్మకే చేపించండి, ఆమె జీన్‌లో తప్పు దొరికితే మీకు ఆ ఒక్కటే చూస్తే చాలు అన్నాడు. ఒలాపరిబ్ అనే క్యాన్సర్ మాత్రలు వాడాలా వద్దా అనేది కూడా దాన్ని బట్టే అంట. నేను చదివినంతలో మొదటిది 17వ క్రోమోజోమ్ మీద, రెండోది 13 మీద ఉంటాయి, తల్లి జీన్‌లో ఆ తప్పు ఉంటే పిల్లలకి వచ్చేదానికి 50 శాతం ఛాన్స్, కొడుకైనా కూతురైనా.

నా అసలు డౌట్ ఏందంటే మాది మేనరికం, అమ్మని సొంత మేనమామకే ఇచ్చినారు, అంటే నాన్న మా అవ్వకి తమ్ముడే కదా, మరి ఆయనలో కూడా అదే ఉండొచ్చు కదా? అప్పుడు నాకూ మా అన్నకీ లెక్క మారుతుందా? నాన్నకీ టెస్ట్ చేపించాల్నా?

బెంగళూరు, హైదరాబాద్‌లో జెనెటిక్ కౌన్సెలింగ్ యాడ బాగుంటాది, ఎంత అయింది చెప్పండి. రిపోర్ట్‌లో జబ్బు తెచ్చేదో కాదో తేల్చి చెప్పలేని జీన్ మార్పు అని వచ్చినోళ్ళు ఉంటే మీరేం చేసినారు? పెండ్లి సంబంధాలు చూస్తా ఉన్నారు, ఇంట్లో ఈ మాట ఎత్తితేనే గొడవ.