వేడి ఆహారానికి ప్లాస్టిక్ డబ్బాలు: ‘బీపీఏ రహితం’ అన్న ముద్ర ఉంటే చాలా?

ప్రశ్న:
ఇంట్లోని ప్లాస్టిక్ డబ్బాలన్నింటినీ ఒక్కసారిగా తీసేయడం నాకు సాధ్యం కాదు. అందువల్ల కొత్తవి కొనేటప్పుడు ‘బీపీఏ రహితం’ (బీపీఏ అంటే కొన్ని రకాల ప్లాస్టిక్ తయారీలో వాడే బిస్ఫినాల్-ఎ అనే రసాయనం) అని ముద్రించినవే ఎంచుకుని, మిగిలిన ఆహారాన్ని వాటిలోనే మైక్రోవేవ్‌లో వేడి చేస్తున్నాను. ఆ ముద్రను నమ్మి నిశ్చింతగా ఉండవచ్చా? డబ్బా అడుగున త్రికోణంలో ఉండే అంకె భద్రతకు గుర్తేనా?

సమాధానం 1:
ఆ అంకె ఏ రకం ప్లాస్టిక్కో చెబుతుందే తప్ప, వేడికి పనికివస్తుందో లేదో చెప్పదు. 1 నీళ్ల సీసాల పెట్, 3 పీవీసీ, 5 పాలీప్రొపిలీన్, 6 పాలీస్టైరీన్. 1 నుంచి 6 వరకు అంకెల్లో చేరని రకాలన్నీ 7 కిందికే వస్తాయి, బీపీఏతో తయారయ్యే పాలీకార్బొనేట్ కూడా అందులోనిదే. పాలీప్రొపిలీన్ తయారీకి బీపీఏ అవసరమే లేదు కనుక, అటువంటి డబ్బా మీద ‘బీపీఏ రహితం’ అని రాయడం నా దృష్టిలో వ్యాపార ప్రకటనే.

సమాధానం 2:
పై సమాధానంతో ఏకీభవిస్తూ కొంత చేర్చుతాను. బీపీఏ మన శరీరంలో స్త్రీ హార్మోన్ అయిన ఈస్ట్రోజెన్‌ను పోలి ప్రవర్తించగలదు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో శరీర బరువులో కిలోకు రోజుకు 4 మైక్రోగ్రాములుగా నిర్ణయించిన తాత్కాలిక పరిమితిని 2023లో 0.2 నానోగ్రాములకు, అంటే 20,000 రెట్లు, తగ్గించింది. అయితే బీపీఏ స్థానంలో వాడుతున్న బీపీఎస్ (బిస్ఫినాల్-ఎస్) కూడా అదే కుటుంబానికి చెందినది, హార్మోన్ల పనిలో అదీ జోక్యం చేసుకోగలదని ప్రయోగశాల పరిశోధనలు చూపాయి. పీవీసీని మెత్తబరిచే థాలేట్లు అనే రసాయనాల సంగతి ఆ ముద్రలో అసలు ప్రస్తావనకే రాదు.

అసలు చూడవలసింది వేడి, నూనె, డబ్బా వయసు. పాలీప్రొపిలీన్ పాలసీసాలపై 2020లో వెలువడిన అధ్యయనంలో, నీటి ఉష్ణోగ్రత 25 డిగ్రీల నుంచి 95 డిగ్రీలకు పెరిగేసరికి లీటరుకు రాలే ప్లాస్టిక్ సూక్ష్మకణాలు సుమారు 6 లక్షల నుంచి 5.5 కోట్లకు చేరాయి. వేడికి తట్టుకునే రకంగా పేరున్న ప్లాస్టిక్ సంగతే ఇది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. మరి ఇన్నాళ్లూ వాడినందువల్ల ఇప్పటికే హాని జరిగిపోయి ఉంటుందా?

సమాధానం 3:
అంత తొందరపడి నిర్ణయానికి రావద్దు. లోపలికి వెళ్లిన బీపీఏలో అధిక భాగం కొన్ని గంటల్లోనే మూత్రం ద్వారా బయటకు పోతుంది కాబట్టి, వాడకం తగ్గిస్తే ఒంట్లోని మోతాదూ త్వరగానే తగ్గుతుంది. సూక్ష్మకణాల విషయం అంత తేలికగా తేలేది కాదు: మెడ ధమనుల్లోని కొవ్వు పూడికలో ప్లాస్టిక్ కనిపించినవారికి గుండెపోటు, పక్షవాతం, మరణం ముప్పు ఎక్కువగా ఉందని 2024లో ఒక అధ్యయనం తెలిపింది గానీ, ప్లాస్టికే కారణమని అది నిరూపించలేదు.

డబ్బాలను పారేయనక్కరలేదు, పొడి సరుకులకు వాడుకోండి. లోపలి గోడ గరుకుగా, తెల్లబారి, ఎంత తోమినా నూనె జిడ్డు వదలకుండా ఉన్నవాటిని మాత్రం ఆహారానికి దూరంగా ఉంచండి. గాజు గిన్నెలకు సైతం తరచు ప్లాస్టిక్ మూతలే వస్తాయి కనుక, వేడి చేసేటప్పుడు మూత తీసి పింగాణీ పళ్లెం బోర్లించండి.