మండీలో మన మసాలా: పరాయి మాంసం వంటలను మన పేట హోటళ్ళు మార్చి వండవచ్చునా?

చర్చ ప్రారంభించినవారు: సరూర్‌నగర్ సభ్యుడు

మాంసం మీద నాకున్న మక్కువ ఈ వేదికలోని పాత సభ్యులకు తెలిసినదే. ఆరేళ్ళుగా నెలకు రెండు ఆదివారాలు హైదరాబాదులో ఏదో ఒక పేటకు వెళ్ళి, హంగూ ఆర్భాటం లేని చిన్న హోటలును వెతుక్కుని, అక్కడివాళ్ళు తమ ఇంటి వంటగా భావించే మాంసాన్ని తిని రావడం నాకు అలవాటు. బర్కస్‌లో మండీ అనే యెమెన్ అన్నం-మాంసం వంట, టోలీచౌకీలో అరబ్బు విద్యార్థులు భోంచేసే చోట కాల్చిన కోడి, మలయాళీ మెస్సులో కొబ్బరి ముక్కలతో వేయించిన బీఫ్, ఈశాన్య రాష్ట్రాలవారు ఒక్క గదిలో నడిపే చోట వెదురు చిగుళ్ళతో వండిన పొగబెట్టిన పంది మాంసం, ఇవన్నీ అలా తిన్నవే.

పోయిన నెలలో మా ఇంటికి దగ్గరలో కొత్తగా తెరిచిన ఒక మండీ హోటలుకు కుటుంబంతో వెళ్ళాను. పళ్ళెం వచ్చింది. అన్నానికి రెండు రంగులు వేశారు. మాంసానికి అల్లం వెల్లుల్లి, కారం, గరం మసాలా దట్టించి నూనెలో కరకరలాడేటట్లు వేయించారు. పైన మయోనైజ్ ధారగా పోశారు. రుచి బాగా లేదని నేను అనను. మా పిల్లలు ఇష్టంగానే తిన్నారు. కాని అది మన వేపుడు మాంసం, పక్కన అన్నం. దానిని మండీ అని ఎలా పిలవాలో నాకు తెలియలేదు.

మండీ అన్న పేరు అరబ్బీలో తడిని, మంచును సూచించే మాట నుంచి వచ్చిందని చెబుతారు. నేలలో తవ్విన గుంతలో నిప్పులు పేర్చి, అడుగున అన్నం గిన్నె ఉంచి, దానిపైన మాంసాన్ని వేలాడదీసి లేదా జల్లెడ మీద పరచి, పైన మూత పెట్టి గాలి చొరకుండా మూసి కొన్ని గంటలు వదిలేస్తే, మాంసంలోని కొవ్వూ రసమూ బొట్టుబొట్టుగా అన్నంలోకి దిగుతాయి. ఆ తడే ఆ వంటకు ప్రాణం. నూనెలో వేయించిన ముక్క నుంచి అన్నంలోకి దిగేదేమీ ఉండదు. అందువల్ల నా ప్రశ్న ఇది: వేరొక ప్రాంతపు మాంసం వంటను మన పేటలో అమ్మేటప్పుడు దానిని మన నాలుకకు తగ్గట్టు మార్చడం న్యాయమేనా? మార్చిన తరువాత కూడా అదే పేరుతో అమ్మవచ్చునా? రెండింటికీ నా సమాధానం కూడదనే.

కూకట్‌పల్లి సభ్యుడు

మీ ఆవేదనను గౌరవిస్తూనే విభేదిస్తున్నాను. మార్చకూడదన్నది నియమమైతే మొదట మన హలీమ్‌ను వదులుకోవలసి వస్తుంది. దానికి మూలమైన అరబ్బుల హరీస్‌లో గోధుమలు, మాంసం, ఉప్పు తప్ప పెద్దగా ఏమీ ఉండవు. హైదరాబాదు దానికి నెయ్యి పట్టించింది, పచ్చిమిర్చీ అల్లమూ చేర్చింది, వేయించిన ఉల్లిపాయలూ పుదీనా నిమ్మచెక్కా పైన పెట్టింది. 2010లో హైదరాబాదు హలీమ్‌కు భౌగోళిక సూచిక గుర్తింపు వచ్చినప్పుడు మనమంతా గర్వపడ్డాము. ఆనాటి వంటవాళ్ళను ఎవరైనా మీలాగే ఆపి ఉంటే ఆ గుర్తింపు దేనికి వచ్చేది?

ఇంకా దూరం వెళ్తే, మెక్సికోకు వలసవెళ్ళిన లెబనానువారు తమ షవర్మా చువ్వను వెంట తీసుకెళ్ళారు. అక్కడ గొర్రె మాంసం స్థానంలో పంది మాంసం వచ్చింది, ఎండుమిరపకాయల ముద్ద వచ్చింది, పైన అనాసపండు వచ్చింది. దానిని ఈనాడు మెక్సికోవారు తమ సొంత వంటగా చెప్పుకుంటారు. మనం చైనా వంట అనుకుని పెరిగిన చికెన్ మంచూరియా 1975లో బొంబాయిలో నెల్సన్ వాంగ్ అనే వంటవాడి చేతిలో పుట్టిందని చెబుతారు. అన్నిటికన్నా ముఖ్యంగా, మనం "మన కారం" అంటున్న మిరపకాయే అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసువారి ఓడల్లో ఇక్కడికి చేరింది. అంతకుముందు మన వంటలకు ఘాటు మిరియాలదే. మార్పును నేరంగా చూడడం మొదలుపెడితే మన పళ్ళెంలో ఏది మిగులుతుందో ఆలోచించండి.

బర్కస్ సభ్యుడు

మా వీధి పేరు వచ్చింది కాబట్టి నేనూ రెండు మాటలు చెబుతాను. బర్కస్ అన్నది బ్యారక్స్ అన్న మాటకు వచ్చిన రూపం. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన మా పూర్వీకులు ఇక్కడ స్థిరపడ్డారు. మా ఇళ్ళలో తరతరాలుగా ఉన్నది హరీస్. ఇప్పటికీ మా దగ్గర పొద్దున్నే దొరుకుతుంది. పెళ్ళిళ్ళలో మీరు ఇష్టంగా తాగే మరగ్ కూడా మాంసపు రసం అన్న అర్థమున్న అరబ్బీ మాటే. కాని మండీ హోటళ్ళు నా చిన్నతనంలో మా వీధిలో లేవు. గల్ఫ్‌లో పనిచేసి తిరిగి వచ్చినవాళ్ళు పెట్టిన తరువాతే అవి పెరిగాయి. కనుక మండీ నిజాం కాలం నుంచి ఇక్కడ ఉన్నదని ఎవరైనా అంటే అది సరికాదు.

ఇంకొక విషయం. అరబ్బులది చప్పిడి తిండి అని చాలామంది అనుకుంటారు. యెమెన్‌వాళ్ళు టమాటా, పచ్చిమిర్చి, వెల్లుల్లి, కొత్తిమీర నూరి చేసే సహావిక్ తిని చూస్తే ఆ అభిప్రాయం నిలవదు. మీకు మండీతో పాటు చిన్న గిన్నెలో ఇచ్చే ఎర్ర చట్నీ దాని బంధువే. వాళ్ళు కారాన్ని మాంసంలో కలపరు, పక్కన పెట్టుకుంటారు. ఎవరికి ఎంత కావాలో వాళ్ళే నంజుకుంటారు.

వంట వృత్తిలో ఉన్న సభ్యుడు (నాగోలు)

చర్చ మొదలుపెట్టిన పెద్దలకు నమస్కారం. పద్నాలుగేళ్ళుగా వంటగదిలో పనిచేస్తున్నాను. అందులో అయిదేళ్ళు మండీ చేశాను. మా వైపు నుంచి కూడా వినాలని నా మనవి.

అద్దెకు తీసుకున్న దుకాణంలో గుంత తవ్వడానికి ఏ ఇంటి యజమాని ఒప్పుకుంటాడు? కింద సెల్లారు, పైన అపార్ట్‌మెంటు, పక్కన మందుల దుకాణం ఉన్నచోట కట్టెల పొగ రెండు రోజులు కూడా సాగదు. అందుకని చాలామందిమి మాంసాన్ని మసాలా నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళతోనే అన్నం వండి, చివరికి గిన్నెలో ఒక నిప్పు కణిక పెట్టి దానిపై చెంచాడు నెయ్యి వేసి మూత బిగిస్తాము. పొగ వాసన పడుతుంది. ఇది మోసమని మీరు అనవచ్చు. కాని అరబ్బు దేశాల్లో కూడా ఇళ్ళలో ఓవెన్‌లో మండీ వండేవాళ్ళు ఇదే కణిక పద్ధతిని పాటిస్తారు.

మెనూలో మీరు "జ్యూసీ", "ఫ్రై" అన్న రెండు రకాలు చూసే ఉంటారు. జ్యూసీ అంటే ఉడికినది ఉడికినట్టుగా వడ్డించేది, ఫ్రై అంటే ఉడికించిన తరువాత నూనెలో వేయించేది. నేను పనిచేసిన మూడు చోట్లా ఫ్రై ఎక్కువగా అమ్ముడుపోయింది. గట్టి మాంసంలోని బంధన కణజాలం కరిగి మెత్తని జిగురుగా మారాలంటే దాదాపు 70 డిగ్రీలు దాటిన వేడిలో గంటల తరబడి ఉండాలి. అంతసేపు ఉన్న మాంసం బరువులో పావు వంతుకు పైగా తగ్గుతుంది. కిలో పెట్టి ముప్పావు కిలోకన్నా తక్కువ వడ్డిస్తూ, పక్క హోటలు ధరకే ఇవ్వమంటే చిన్నవాడు ఎలా నిలబడతాడు? వేగంగా ప్రెజర్ కుక్కర్లో ఉడికించి వేయిస్తే ఆ గట్టిదనం కరకరలో కలిసిపోతుంది. రుచి కోసం చేసిన మార్పు కొంత, బతకడానికి చేసిన మార్పు కొంత.

మయోనైజ్ గురించి మాత్రం మీతో ఏకీభవిస్తాను. అది మండీలో భాగం కాదు. కలుషిత ఆహారం వల్ల ప్రజలు అస్వస్థులైన తరువాత 2024 అక్టోబరు 30 నుంచి పచ్చి గుడ్డు మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం ఏడాదిపాటు నిషేధించినప్పుడు నేను సంతోషించాను.

డాలస్ సభ్యురాలు

ఇదే ప్రశ్నను తిరగేసి చూడమని నా విన్నపం. మా ఊళ్ళో తెలుగువాళ్ళ హోటళ్ళకు కొదవలేదు. అయినా నేను ఒక చోట గోంగూర మటన్ తెప్పిస్తే అందులో పులుపు తగ్గించి, క్రీమ్ కలిపి, పైన జీడిపప్పు వేసి ఇచ్చారు. అన్ని రకాలవారూ రావాలి కదా అని యజమాని నచ్చచెప్పారు. తెల్లవాళ్ళు మెచ్చుకున్నారేమో, నాకు మాత్రం మా అమ్మమ్మ పేరును ఎవరో తప్పుగా పలికినట్లు అనిపించింది. మన వంటకు ఇలా జరిగితే నొచ్చుకునే మనం, యెమెన్‌వాడి వంట విషయంలో "రుచిగానే ఉంది కదా" అని ఎలా సరిపెట్టుకుంటాము?

దీనికి ఎదురు అనుభవం కూడా ఉంది. ఇక్కడ బర్మావాళ్ళ చిన్న హోటలు ఒకటి ఉంది. అందులో చిన్ బౌంగ్ అన్న ఆకు వేపుడు తిన్నాను. అది అచ్చంగా మన గోంగూరే. రొయ్యల పొడితో, వాళ్ళ పద్ధతిలో, వాళ్ళకు నచ్చినంత పుల్లగా ఉంది. నా కోసం వాళ్ళు దేనినీ మార్చలేదు. అందువల్లనే నేను మళ్ళీ మళ్ళీ వెళ్తున్నాను.

చర్చ ప్రారంభించినవారు: సరూర్‌నగర్ సభ్యుడు

అందరికీ కృతజ్ఞతలు. నా మాటలో ఒక సగాన్ని వెనక్కు తీసుకుంటున్నాను. కూకట్‌పల్లి మిత్రులు చెప్పిన హలీమ్ ఉదాహరణకు నా దగ్గర సమాధానం లేదు. మార్పే కూడదని అనడం పొరపాటు. అయితే హలీమ్‌కూ నేను తిన్న పళ్ళేనికీ ఒక భేదం ఉంది. హలీమ్ వండేవారు మసాలాను మార్చారు కాని రాత్రంతా ఉడికించడాన్ని, కర్రతో దంచి దంచి మాంసాన్నీ గోధుమలనూ ఏకం చేయడాన్ని వదిలిపెట్టలేదు. ఘోటా కొట్టే పని తప్పించి ఎవరైనా మిక్సీలో తిప్పి ఇస్తే హైదరాబాదీలు మొదటి చెంచాకే పసిగడతారు. మసాలా మారినా మాంసం వండే తీరు నిలిచి ఉంటే ఆ వంట బతికి ఉన్నట్టే నాకు తోస్తుంది. మలయాళీ మెస్సులో కూడా ఇదే గమనించాను. మిరియాలు కాస్త తగ్గితే నష్టం లేదు, కాని కొబ్బరినూనె స్థానంలో వేరే నూనె వచ్చిన రోజున, ముక్కలు ఎండిపోయేదాకా ఓపికగా తిప్పే పని ఆగిపోయిన రోజున, ఆ వేపుడు రుచి పోయింది.

బర్కస్ మిత్రులు చెప్పిన పద్ధతి నాకు ఎంతో నచ్చింది. కారం కావలసినవారికి గిన్నెలో కారం ఇవ్వండి, మాంసాన్ని దాని మానాన ఉండనివ్వండి. నాగోలు మిత్రుల కష్టం విన్నాక గుంత తవ్వలేదని ఇకమీదట ఎవరినీ తప్పుపట్టను. వేయించినదాన్ని వేయించినదని బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయమని మాత్రం కోరుతున్నాను. వారిని ఒక సంగతి అడుగుతాను. బర్కస్‌లో ఒక ఇంటి విందులో తిన్న మండీ అన్నం మెతుకు మెతుకూ మెరిసింది. హోటళ్ళలో జ్యూసీ తెప్పించినా ఆ మెరుపు ఎందుకు కనబడదు?

వంట వృత్తిలో ఉన్న సభ్యుడు (నాగోలు)

ఆ మెరుపు కొవ్వుది, అయ్యా. అరబ్బు దేశాల్లో తోక దగ్గర కొవ్వు పేరుకునే గొర్రె జాతులు ఉన్నాయి. మన నెల్లూరు జాతి, దక్కనీ జాతి గొర్రెలు పలుచని మాంసం గలవి. వాటి నుంచి అంత కొవ్వు కారదు. దానికి తోడు చాలా హోటళ్ళు మటన్ పేరుతో వాడేది మేక మాంసం, అది ఇంకా పలుచన. ఉన్న కాస్త కొవ్వును కూడా తీసేయమని తినేవాళ్ళే అడుగుతారు. పళ్ళెంలో తెల్లని పొర కనబడితే వెనక్కు పంపినవాళ్ళు ఎందరో ఉన్నారు. అందువల్ల మేము కొవ్వు కోసి పారేసి, ఆ లోటు పూడ్చడానికి అన్నంలో వనస్పతి వేస్తాము. మీరు కారం గురించి ఇంత చర్చించారు కాని, నా అనుభవంలో మండీ మొదట మారింది ఈ కొవ్వు దగ్గరే; కారం ఆ తరువాత వచ్చింది.

బర్కస్ సభ్యుడు

నాగోలు అన్న చెప్పింది అక్షరాలా నిజం. మా ఇంట్లో మండీకి పొట్టేలు ముందరి జబ్బనే తెస్తాము, పైన కొవ్వు పొర చెక్కవద్దని కసాయి దుకాణంలో ముందే చెప్పి ఉంచుతాము. ఆదివారం పొద్దున ఆరు గంటలలోపు వెళ్ళకపోతే అటువంటి ముక్క దొరకదు. సరూర్‌నగర్ పెద్దలు ఎప్పుడైనా అంత పొద్దున్నే మా వైపు రాగలిగితే, ముందు ఒక గిన్నెడు హరీస్ తిని, తరువాత ఆ దుకాణానికి కలిసి వెళ్దాము.