పబ్లిక్ స్పీకింగ్ క్లాసులకు పైసలు పెట్టాల్నా, బడిల నాటకం ఆడిస్తే సాలదా?

నల్గొండ నాన్న:
మా బిడ్డ ఆరో తరగతి. ఇంట్ల నోరు మూయదు, బడిల మైకు ఇస్తే గొంతు పెగలదు. క్లాక్ టవర్ దిక్కు స్పీచ్, డ్రామా నేర్పుతమని క్లాస్ పెట్టిన్రు. మా ఇంటామె పంపుదామంటది, మా అమ్మేమో మాటలు నేర్వనీకి ఫీజేంది అంటది. మీరేమంటరు?

పాలమూరు అక్క:
పంపు అన్నా. మన దిక్కు పిల్లలు మంచి మార్కులతోనే హైదరాబాద్ పోతరు, గ్రూప్ డిస్కషన్ల మాత్రం ఎనక కూసుంటరు. తెలివి లేక కాదు, నలుగుట్ల మాట్లాడే అలవాటు లేక. చిన్నప్పుడే భయం పోవాలె.

దేవరకొండ సార్:
భయం పోవాలె, ఒప్పుకుంట. కానీ చానా క్లాసులల్ల నేర్పేది మాట్లాడుడు కాదమ్మా, బట్టీ. ఆగస్టు 15కు చూడుండ్రి, టీచర్ రాసిచ్చిన ఇంగ్లీష్ పేజీ అప్పజెప్తరు, నడుమ ఒక్క ముక్క మరిస్తే అక్కడ్నే ఆగి ఏడుస్తరు. అదే నాటకమైతే పక్కోడు అందుకుంటడు. మా బడిల బుర్రకథ కట్టించిన, కథకునికి అటొకరు ఇటొకరు వంతలు, ఒకరు హాస్యం, ఇంకొకరు రాజకీయం చెప్తరు. వంతోడు కథ వినకుంటే తందాన అననీకి రాదు, నడుమ ప్రశ్న అడగనీకి రాదు. అసలు నోరే ఇప్పని పిలగాన్ని డక్కీ ఇచ్చి వంతకు నిలవెట్టిన. మొదలు తందాన ఒక్కటే అన్నడు, రిహార్సల్ నడుస్తుంటే తనే "అట్లెట్లయితది?" అని అడగవట్టె. ఆ మాట నేను రాసియ్యలే. సుద్దాల హనుమంతు గొల్లసుద్దులు, అవి కూడా ఆడిపాడి చెప్పే కథలే, మన ఉమ్మడి నల్గొండ జిల్లావే, తెలంగాణ సాయుధ పోరాటంల ఊరూరు కదిలించినయి. జనం యాసలనే పాడిన్రు. అందుకే చెప్తున్న, పిల్ల నోరు తెరవంగనే "వస్తున్న కాదు, వస్తున్నాను అను" అని దిద్దేకాడికి పంపకుండ్రి. ఆ పిల్ల మల్ల నోరు తెరవదు.

పాలమూరు అక్క:
సార్, మీ అసొంటోళ్లు ప్రతి బడిల ఉంటే ఈ ముచ్చటే రాకపోవు. మా దిక్కు బాలసభ అంటే రిజిస్టర్ల రాసుడే. నాటకం ఆడించేటోళ్లు లేనికాడ పిల్లలేం చెయ్యాలె? ఇంగ్లీష్ల మాట్లాడుడు కూడా బతుకుదెరువే కదా.

మిర్యాలగూడ అమ్మ:
ఒక్క మాట. మా బాబుకు నత్తి. స్టేజీ ఎక్కిస్తే పోతదని ఒక క్లాస్‌ల చెప్పిన్రు, ఎక్కించిన్రు, పిలగాడు ఇంకా ముడుచుకపోయిండు. నత్తి ఉన్నోళ్లు ముందుగాల స్పీచ్ థెరపిస్ట్‌కు చూపియ్యుండ్రి. 2013ల మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏండ్ల లోపు పిల్లలకు పైసలు లేకుండనే చూస్తరు, ఆరేండ్లు దాటినోళ్లయితే సర్కారు, ఎయిడెడ్ బడులల్ల సదివేటోళ్లకు. జిల్లా పెద్ద దవాఖానల డీఈఐసీ, అంటే పిల్లల ఇబ్బందులు ముందుగాలనే గుర్తువట్టి చూసే సెంటర్, యాడ అని అడగుండ్రి.

నల్గొండ నాన్న:
మా పాపకు నత్తి లేదక్కా, ఉత్త బెదురే. సార్, మరి ఆ క్లాస్ మంచిదా కాదా ఎట్ల గుర్తువట్టాలె?

దేవరకొండ సార్:
ఫీజు కట్టకముందే ఒక గంట పోయి కూసో తమ్మీ. మాస్టర్ ఎంతసేపు మాట్లాడుతుండు, పిల్లలెంతసేపు మాట్లాడుతున్నరు చూడు. 40 మందిని కూసోవెడితె గంటల ఒక్కొక్కరికి నిమిషంన్నర కంటె ఎక్కువ రాదు. అందరూ ఒక్కతీరు చేతులు ఊపుతున్నరంటే వాపస్ రా. పాపను సంతల కూరగాయలు అమ్మే ఆమె లెక్క చెయ్యమని, ఇంకో పిల్లను బేరం చెయ్యమని వదిలేసే మాస్టర్ ఉంటే ఫీజు ఎక్కువైనా చేర్పియ్యి.

పాలమూరు అక్క:
ఈ బేరం ఆటకైతే నేను కూడా ఒప్పుకుంట సార్. కానీ తెలుగుల అయినంక ఇంగ్లీష్ల కూడా ఆడియ్యాలె, ఆ మాట మాత్రం నేను ఇడువ.