జేబులోకి మడిస్తే దిండయ్యే బొంత: జేబు ఎంత పెట్టాలి?

బొంత 45 × 60 అంగుళాలు. రెండు వైపులా కాటన్ గుడ్డ, మధ్యలో అర అంగుళం పాలిస్టర్ దూది షీటు. వెనకవైపు, 45 అంగుళాల అంచు మధ్యలో 16 అంగుళాల చదరపు జేబు. దాని మంచి వైపు బొంతకు ఆనించి మూడు పక్కలా కుట్టు, బొంత నడిమి వైపు మాత్రం తెరిచి ఉంది. నిలువుగా మూడు మడతలేస్తే వెడల్పు 15. జేబు తిరగేసి మిగతాది మూడు మడతలుగా లోపలికి తోస్తే, జేబు ఉన్న భాగంతో కలిపి 12 పొరలు, అంటే నొక్కకపోతే 6 అంగుళాల మందం! దిండు బంతిలా ఉబ్బి, జేబు నోటి మూలల్లో దారం తెగుతోంది. జేబు 18కి పెంచాలా, షీటు బదులు పాత నూలు చీరలు మూడు పొరలు వెయ్యాలా? బరువెక్కుతుందేమో. మూలల్లో వెనక్కీ ముందుకీ కుడితే చాలా, అడుగున పట్టీ ముక్క కూడా కావాలా?