యాప్‌లో "పరిష్కరించబడింది" అని క్లోజ్ చేసేస్తున్నారు, మ్యాన్‌హోల్ మాత్రం పొంగుతూనే ఉంది. ప్రజావాణిలో ఏం అడగాలి?

కాలనీ_కార్యదర్శి

అందరికీ నమస్కారం. మాది తెలంగాణలో ఒక కార్పొరేషన్, పేరు ఇక్కడ వద్దులెండి. మా కాలనీలో ప్రైమరీ స్కూల్ గేటు ముందే మ్యాన్‌హోల్ పొంగుతోంది, వానలు మొదలైనప్పటి నుంచీ ఇదే గోల, పెద్ద పిల్లలు ఇటుకల మీద అడుగులేసుకుంటూ దాటుతున్నారు, చిన్నవాళ్లని తల్లులు చంకనెత్తుకుని గేటు దాకా తీసుకెళ్తున్నారు. కార్పొరేషన్ యాప్‌లో ఫొటో తీసి లొకేషన్ పెట్టి కంప్లైంట్ ఇచ్చాం, వెంటనే ఐడీ నంబర్ వచ్చింది, బాగానే ఉంది అనుకున్నాం. కొద్ది రోజులకే "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది" అని మెసేజ్. తెరిచి చూస్తే పని అయిపోయినట్టు ఫొటో కూడా పెట్టారు, అందులో మ్యాన్‌హోల్ పక్కన నీలం రంగు షట్టర్ కనిపిస్తోంది, మా స్కూల్ చుట్టుపక్కల షాపే లేదు, ఇంక షట్టర్ ఎక్కడిది? మళ్లీ కంప్లైంట్ పెడితే కొత్త ఐడీ ఇచ్చి మళ్లీ క్లోజ్ చేశారు. రీఓపెన్ చేసే ఆప్షన్ లేదు. పాత ఐడీకీ కొత్త ఐడీకీ లింకు లేదు కాబట్టి పైన కూర్చుని చూసేవాళ్లకి రెండు సమస్యలు వచ్చి రెండూ తీరిపోయినట్టే లెక్క.

నేను ఆన్‌లైన్ వద్దనే మనిషిని కాదు. ఇంటి పన్ను ప్రతి ఏడూ ఏప్రిల్‌లోనే ఫోన్‌లో కట్టేస్తాను, 5 శాతం తగ్గింపు కూడా వస్తుంది, రసీదు అప్పటికప్పుడే చేతికొస్తుంది. మరి కట్టించుకునేటప్పుడు ఇంత బాగా నడిచే సిస్టమ్, పని చేసిపెట్టాల్సి వచ్చేసరికి ఎందుకిలా అవుతోంది? వచ్చే సోమవారం ప్రజావాణికి, అదే అధికారులు నేరుగా అర్జీలు తీసుకునే కార్యక్రమానికి, కాలనీ వాళ్లం కలిసి వెళ్తున్నాం. మా మ్యాన్‌హోల్ ఒక్కటి బాగు చేయమంటే ఈసారికి చేస్తారేమో, వచ్చే వానాకాలం మళ్లీ ఇదే. అసలు ఆ యాప్‌లోనే ఏం మార్చమని అడగాలో, వేరే ఊళ్లలో ఎలా ఉందో తెలిసినవాళ్లు చెప్పండి.

సెక్షన్_మనిషి

అన్నా, నేను వేరే మున్సిపాలిటీల ఇంజనీరింగ్ సెక్షన్ల పనిచేస్త. లోపల ఏం జరుగుతదో చెప్త, అట్లని వేరే వీధి ఫొటో పెట్టినోళ్లను వెనకేసుకొస్తలేను, అది తప్పే.

పొద్దుగాల టెలికాన్ఫరెన్స్‌ల పెండింగ్ లిస్ట్ చదువుతరు. గడువు దాటినయి ఎర్రగ కనపడ్తయి, ఏ వార్డుల ఎన్ని ఎర్రగ ఉన్నయి అన్నదే అక్కడ ముచ్చట, ఎందుకు ఆగినయి అని రాసెతందుకు ఆ స్క్రీన్ మీద జాగనే లేదు. మా దగ్గర ఊరు మొత్తానికి జెట్టింగ్ మెషీన్, అంటే నీళ్లు జోరుగ కొట్టి మురుగు లైన్ సాఫ్ చేసే బండి, ఒక్కటే ఉన్నది, అది షెడ్డుల పడితే ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) సారు ఏం చేస్తడు చెప్పు? ఓపెన్ అని ఉంచితే మెమో వస్తది, క్లోజ్ కొడితే ఎవ్వరూ అడగరు. ఇంకొకటి, పొంగేది ఒక్కోసారి మ్యాన్‌హోల్ తప్పు కాదు, కింద లైన్ ఎప్పుడో పాతకాలం పైపు, ఇండ్లు మూడింతలైనయి, పైపు మాత్రం అంతే ఉన్నది. దాన్ని ఎన్నిసార్లు జెట్టింగ్ కొట్టినా వారానికి మళ్ల పొంగుతది. దానికి ఎస్టిమేట్ వేయాలె, శాంక్షన్ కావాలె, టెండర్ పిలవాలె. యాప్‌ల మాత్రం దానికి సుత గడువు అంతే, వీధిలైటుకు ఎంతో దానికీ గంతే.

కాబట్టి మీరు అడిగేటప్పుడు "గడువు తగ్గించండి" అని మాత్రం అడగకండి. దండం పెట్టి చెప్తున్న. గడువు మీద ఒత్తిడి ఎక్కువైతే ఎవడో కాంట్రాక్టరు మనిషిని మ్యాన్‌హోల్‌లకు దింపుతడు. 2013ల వచ్చిన మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం ప్రకారం రక్షణ లేకుండ మనిషిని దింపుడు నేరం, అయినా ప్రాణాలు పోతనే ఉన్నయి, పేపర్ల చూస్తనే ఉన్నం. మీరు అడగాల్సింది ఏందంటే, ఆగిన కారణం యాప్‌ల కనపడాలె, మెషీన్ కోసమా, ఫండ్స్ కోసమా, వేరే శాఖ పనా అని, అట్లనే క్లోజ్ చేసే ముందు కంప్లైంట్ ఇచ్చినోళ్ల ఫోన్‌కు ఓటీపీ రావాలె, మీరు చెప్తేనే మూయాలె. గ్యాస్ సిలిండర్ డెలివరీకి ఓటీపీ అడుగుతున్నరు గదా, దీనికెందుకు అడగొద్దు?

పాత_బస్తీ_రిటైర్డ్

మీ ప్రశ్నలో "కట్టించుకునేటప్పుడు బాగా నడుస్తుంది" అన్న మాట దగ్గరే అసలు సంగతి ఉంది.

హైదరాబాద్‌లో 1999 డిసెంబర్‌లో ట్విన్స్ అని ఒక పైలట్ సెంటర్ పెట్టారు, 2001లో అదే ఈసేవ అయింది. అంతకుముందు కరెంటు బిల్లుకి ఒక ఆఫీసు, నీళ్ల బిల్లుకి ఇంకో ఆఫీసు, ఇంటి పన్నుకి మున్సిపల్ ఆఫీసు, ప్రతిచోటా క్యూ, మన వంతు వచ్చేసరికి భోజనాల టైమ్ అని కౌంటర్ మూసేవాళ్లు. ఈసేవలో ఏ కౌంటర్ దగ్గరైనా ఏ బిల్లయినా కట్టొచ్చు, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా, ఉద్యోగానికి సెలవు పెట్టక్కర్లేదు. అది ఎంత పెద్ద మార్పో ఆ క్యూల్లో నిలబడ్డవాళ్లకే తెలుసు. 2011లో మీసేవ వచ్చాక డిజిటల్ సంతకంతో సర్టిఫికెట్లు కూడా సెంటర్ల నుంచే ఇవ్వడం మొదలైంది.

కానీ చూడండి, బిల్లు కట్టడంలో పని మొత్తం కంప్యూటర్‌లోనే పూర్తవుతుంది. రసీదు వచ్చిందంటే పని అయినట్టే. మ్యాన్‌హోల్ విషయంలో కంప్యూటర్‌లో జరిగేది కేవలం చీటీ రాయడం, పని జరగాల్సింది వీధిలో. ఆ రెండింటికీ మధ్య ఏం జరుగుతోందో మనకి కనిపించకపోతే ఆన్‌లైన్ అయినా ఒకటే, పాత ఇన్‌వార్డ్ రిజిస్టర్ అయినా ఒకటే.

సరిగ్గా అదే 1999లో దక్షిణ కొరియాలోని సియోల్ నగరంలో మేయర్ గో కున్ హయాంలో ఓపెన్ అనే సిస్టమ్ పెట్టారు. బిల్డింగ్ పర్మిషన్ల లాంటి లంచాలకి ఆస్కారం ఉన్న ఫైళ్లని తీసుకుని, అర్జీ ఎప్పుడు అందింది, ఇప్పుడు ఏ అధికారి దగ్గర ఉంది, తర్వాత ఎవరి దగ్గరికి వెళ్లాలి అన్నది ఇంటర్నెట్‌లో చూసుకునేలా పెట్టారు. ఎక్కడ ఆగిందో అందరికీ కనిపిస్తుంటే ఆపినవాడు సమాధానం చెప్పక తప్పదు కదా. మన దగ్గర స్టేటస్ అంటే "ప్రాసెస్‌లో ఉంది" అని ఒకే ముక్క. ఎవరి ప్రాసెస్‌లో ఉంది? మీరు సోమవారం అడగాల్సింది నా ఉద్దేశంలో ఇదే, ప్రతి ఫిర్యాదు పక్కనా అది ఇప్పుడు ఏ హోదా అధికారి దగ్గర ఉందో, ఏ తేదీ నుంచి ఉందో రాయించండి.

బెంగళూరు_తెలుగమ్మాయి

ఇక్కడ సకాల అని ఉంది, కర్ణాటకలో 2011లో చట్టం చేసి 2012 ఏప్రిల్ నుంచి అమలు చేశారు. సర్టిఫికెట్లు, ఖాతా మార్పు (ఆస్తి రికార్డులో పేరు మార్చడం) లాంటి సర్వీసులకి అప్లై చేయగానే ఒక నంబర్ ఇస్తారు, దాంతో పాటు ఎన్ని రోజుల్లో ఇవ్వాలో కూడా ఉంటుంది. గడువు దాటితే అప్పీల్ చేసుకోవచ్చు, లేటైన ప్రతి రోజుకీ 20 రూపాయల చొప్పున 500 దాకా మనకి ఇవ్వాలి, అది ఆలస్యం చేసిన ఉద్యోగి దగ్గర నుంచి వసూలు చేస్తారు. డబ్బు చిన్నదే కానీ ఎవరి వల్ల లేట్ అయిందో రికార్డులో పడుతుంది, దాని బరువు వేరు. మధ్యప్రదేశ్ ఇంకా ముందే, 2010లోనే ఇలాంటి చట్టం తెచ్చింది, ఆంధ్రలో 2017లో వచ్చింది.

అయితే ఇలాంటి చట్టాలు ఎక్కువగా కాగితాలిచ్చే పనులకి పనికొస్తాయి, రోడ్డు మీద పొంగే మురుగుకి అంత తేలిగ్గా పెట్టలేరు, పైన సెక్షన్ అన్న చెప్పిన కారణాలే. గడువు ఒక్కటే చూస్తే చివరి రోజున "డాక్యుమెంట్లు సరిగా లేవు" అని రిజెక్ట్ కొట్టేసినా లెక్క ప్రకారం టైమ్‌కి చేసినట్టే అవుతుంది, కాబట్టి రిజెక్ట్ అయినవి, రీఓపెన్ అయినవి విడిగా లెక్క పెట్టి బయట పెట్టాలి.

ప్లాన్లు_గీస్తా

టీఎస్ బీపాస్, అంటే తెలంగాణలో ఇళ్ల ప్లాన్లకి ఆన్‌లైన్‌లో పర్మిషన్ ఇవ్వడానికి తెచ్చిన పద్ధతి, దాని గురించి ఎవరూ రాయలేదేంటి? 2020 నవంబర్‌లో వచ్చింది. 75 గజాల లోపు స్థలంలో గ్రౌండ్ ప్లస్ వన్ వరకు అయితే పర్మిషనే అక్కర్లేదు, రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకోవాలి అంతే. 600 గజాల లోపు, 10 మీటర్ల ఎత్తు లోపు ఇళ్లకి సెల్ఫ్ సర్టిఫికేషన్ మీద అప్పటికప్పుడే అప్రూవల్. అంతకన్నా పెద్దవాటికి 21 రోజులు, ఆ లోపు ఏదీ చెప్పకపోతే పర్మిషన్ వచ్చినట్టే. అబద్ధం వివరాలిస్తే నోటీసు లేకుండా కూల్చేసే అధికారం కూడా అదే చట్టంలో ఉంది.

ఇందులో నాకు నచ్చింది ఏంటంటే ఆఫీసు నోరు మెదపకుండా కూర్చుంటే నష్టం మనకి కాదు. గడువు దాటిన రోజున దానంతటదే ఏదో ఒకటి జరుగుతుంది. మీ యాప్‌లో గడువు దాటితే ఎర్రరంగు పడటం తప్ప ఏమీ జరగదు కదా, ఏఈ దగ్గర ఆగితే డీఈకి, డీఈ దగ్గర ఆగితే ఈఈకి, అక్కడా ఆగితే కమిషనర్ లాగిన్‌లోకి తనంతట తానే వెళ్లిపోయేలా పెట్టమనండి. షార్ట్‌ఫాల్ (ఫలానాది తక్కువైంది అనే కొర్రీ) పెట్టి ఫైల్ వెనక్కి పంపే అలవాటు మాత్రం ఇక్కడా ఉంది, ఒకేసారి అన్నీ రాయకుండా ఒక్కో షార్ట్‌ఫాల్ ఒక్కోసారి పెడితే మాకు నరకం. కొర్రీలన్నీ ఒకే విడతలో చెప్పాలి అని రూల్ ఉండాలి.

బెజవాడ_అక్క

మాకు 2025 జనవరి నుంచి మన మిత్ర వచ్చింది, వాట్సాప్‌లోనే, మొదట్లో 161 ప్రభుత్వ సర్వీసులన్నారు. వేరే యాప్ డౌన్‌లోడ్ చేసుకునే పని లేదు కాబట్టి మా అత్తయ్యలాంటి వాళ్లు కూడా మెసేజ్ పెట్టగలుగుతున్నారు. అంతకన్నా నాకు ముఖ్యం అనిపించేది వార్డు సచివాలయం. డ్రైనేజీ, నీళ్లు, వీధిలైట్లు అంటే వార్డు ఎమినిటీస్ సెక్రటరీ, చెత్త, దోమలు అంటే శానిటేషన్ సెక్రటరీ, ఎవరిని పట్టుకోవాలో మనిషి తెలుసు, వెళ్లి అడగొచ్చు.

ఒక మాట అడుగుతాను తమ్ముడూ, మీ స్కూల్ పక్కన ఇళ్లల్లో పనిచేసుకునేవాళ్లు, రేకుల షెడ్లలో ఉండేవాళ్లు ఎవరూ లేరా? వాళ్ల పిల్లలే కదా ఆ గవర్నమెంట్ స్కూల్‌కి వెళ్లేది. వాళ్లు ఆ యాప్‌లో ఎప్పుడైనా కంప్లైంట్ పెట్టారా? అపార్ట్‌మెంట్ల వాళ్లం పెడతాం, మన వీధులే మ్యాప్‌లో చుక్కలుగా కనిపిస్తాయి, ఫిర్యాదు లేని చోట సమస్య లేదనుకుని మెషీన్ కూడా మన వైపే వస్తుంది. కాబట్టి ఓటీపీ పెట్టమంటే పెట్టమనండి కానీ స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లు మామూలు ఫోన్ నుంచి కాల్ చేసినా అదే ఐడీ రావాలి, అదే లిస్టులో పడాలి, స్టేటస్ అడిగితే తెలుగులో చెప్పాలి. శానిటేషన్ జవాన్లు రోజూ ఆ వీధుల్లో తిరుగుతారు, వాళ్లకే ఫిర్యాదు రాసే వీలు ఇవ్వండి, వాళ్లకంటే ముందు ఎవరికి కనిపిస్తుంది?

కాలనీ_కార్యదర్శి

అక్కా, మీరు చెప్పింది నిజం. స్కూల్ వెనక బస్తీ ఉంది, అక్కడి వాళ్లు యాప్‌లో పెట్టరు, మా దగ్గరికి వచ్చి చెప్తారు. ఈసారి వాళ్లలో ఇద్దరు తల్లుల్ని కూడా మాతో రమ్మన్నాం, వాళ్లే మాట్లాడతారు.

అర్జీలో ఇవి రాస్తున్నాం: కంప్లైంట్ ఇచ్చినవాళ్లు ఒప్పుకుంటేనే క్లోజ్, ఒప్పుకోకపోతే అదే ఐడీ మీద రీఓపెన్. ఆగితే కారణం, ఏ అధికారి దగ్గర ఉందో. గడువు దాటితే పై అధికారికి దానంతటదే. ఫొటో గ్యాలరీలోంచి పెట్టే వీలు లేకుండా అక్కడికక్కడ తీసిందే, లొకేషన్‌తో. వార్డు వారీగా ఎన్ని వచ్చాయి, ఎన్ని రీఓపెన్ అయ్యాయి అన్నది నెలనెలా వెబ్‌సైట్‌లో. దాంతో పాటు ఆర్టీఐ కూడా వేద్దామనుకుంటున్నాం, 10 రూపాయల ఫీజే కదా, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మా వార్డులో క్లోజ్ చేసిన డ్రైనేజీ ఫిర్యాదుల ఐడీలు, తేదీలు, క్లోజ్ చేసిన అధికారి హోదా, పెట్టిన ఫొటోలు అడుగుతాం. ఇంకేమైనా కలపాలా?

సెక్షన్_మనిషి

కలపాలె అన్నా. జెట్టింగ్ మెషీన్ లాగ్‌బుక్ జిరాక్స్ అడుగుండ్రి, మీ కంప్లైంట్ ఓపెన్ అయిన తేదీ నుంచి క్లోజ్ అయిన తేదీ దాకా. బండి ఏ రోజు ఏ వీధికి పోయింది, ఎన్ని గంటలు నడిచింది, డీజిల్ ఎంత పట్టింది అన్నీ డ్రైవర్ రాస్తడు, కింద సంతకం ఉంటది. మీ స్కూల్ కాడికి రాకుంటే ఆ పేజీల ఉండదు. "ఎందుకు చేయలేదు" అని ప్రశ్న లెక్క అడిగితే జవాబు ఇయ్యరు, కాగితం పేరు పెట్టి కాపీ ఇయ్యమని అడుగుండ్రి. ఆ లైన్‌కు ఎస్టిమేట్ ఎప్పుడన్న తయారైందా, అయితే దాని కాపీ కూడ అడుగుండ్రి, నాకైతే అక్కడ పైపు మార్చాలె అనే అనిపిస్తున్నది.