భూకంపం తర్వాత బిల్డింగ్: కూల్చాలా, బాగు చేయించుకోవచ్చా? దగ్గరుండి చూసినవాళ్లు చెప్పండి

ఖమ్మం_కుర్రాడు:
2024 డిసెంబరు 4న ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వచ్చినప్పుడు మా అపార్ట్‌మెంట్ కూడా ఊగింది. ఏమీ కాలేదు గానీ అప్పటినుంచి ఒకటే టెన్షన్. నిజంగా దెబ్బతింటే కూల్చాలో ఉంచుకోవచ్చో ఎలా తేలుస్తారు? గుజరాత్‌లోనో నేపాల్‌లోనో ఉన్నవాళ్లు రాయండి.

సబర్మతి_రావు:
2001లో మేం అహ్మదాబాద్‌లో ఉన్నాం. జనవరి 26, పొద్దున 8.46. భూకంప కేంద్రం కచ్‌లో భచావు దగ్గర, మాకు 200 కిలోమీటర్ల పైనే. అయినా నగరంలో 70 దాకా బహుళ అంతస్తుల భవనాలు కూలాయి, 700 మందికి పైగా పోయారు. పడినవాటిలో చాలావరకు కింద పార్కింగ్ కోసం గోడల్లేకుండా వదిలేసి పైన అంతస్తులన్నీ గోడలతో నింపినవే, ఊపు వచ్చిందంటే ఆ భారమంతా కింది పిల్లర్ల మీదే పడుతుంది కదా. మా దాంట్లో సరిగ్గా బీము కింద పిల్లర్ పెచ్చులూడి రాడ్లు బయటికి ఉబ్బాయి, వాటి చుట్టూ కట్టిన ఇనుప రింగులు నోళ్లు తెరుచుకున్నాయి. పైన ఇళ్లలో మాత్రం అల్మారా కూడా కదల్లేదు. అందుకే పై అంతస్తుల వాళ్లు ‘మా ఫ్లాట్ బాగానే ఉంది, కింది పిల్లర్లకి మేమెందుకు కట్టాలి’ అని పేచీ పెట్టారు. ఇంజనీరుతో పని కంటే ఈ పంచాయితీకే ఎక్కువ కాలం పట్టింది. అందాకా ఇనుప జాకీలు పెట్టి స్లాబు మోయించాం.

పిల్లర్_శీను:
రావు గారు చెప్పిన రింగులే అసలు సంగతి. కొక్కెం 90 డిగ్రీలకు వంచి వదిలేస్తే పైపెచ్చు ఊడగానే రింగు విచ్చుకుంటుంది, లోపలి రాడ్లను పట్టుకునేది ఉండదు. 135 డిగ్రీలకు వంచి కొసని కాంక్రీటు లోపలికి తిప్పాలి. భూకంపాలకి తట్టుకునేలా రాడ్లు ఎలా కట్టాలో చెప్పే 1993 నాటి భారత ప్రమాణం ఐఎస్ 13920లోనే ఉంది, సైటులో వంచినవాళ్లు తక్కువ.

తమ్ముడూ, నీ ప్రశ్నకి జవాబు: ముందు గోడ చూడకు, పిల్లరూ బీమూ కలిసే చోటు చూడు. గోడ మీద గుణకారం గుర్తులా పగుళ్లు వచ్చినా పిల్లర్లు నిటారుగా, పెచ్చు ఊడకుండా ఉంటే చాలాసార్లు బాగు చేయొచ్చు. పిల్లర్ నలిగి రాడ్లు వంగినా, బిల్డింగ్ ఒరిగినా, పునాది కుంగినా లెక్క వేరే. అప్పుడు ముందు జనాన్ని ఖాళీ చేయించాలి, మిగతాది తర్వాత. సన్న పగులైతే దాని పొడవునా నాజిళ్లు పెట్టి, కింది నాజిల్‌లోంచి ఎపాక్సీ (గట్టిపడే జిగురు) ఎక్కించి, పై నాజిల్‌లోంచి కారేదాకా ఆగి, అప్పుడు దాన్ని మూసి పైదానికి వెళ్తారు. నలిగిన కాంక్రీటుకి అది చాలదు.

పటాన్_లక్ష్మి:
మేం 2015లో కాఠ్మండూ లోయలో ఉన్నాం. అక్కడ బిల్డింగులకి ఎరుపు, పసుపు, పచ్చ స్టిక్కర్లు అంటించారు. పచ్చ అంటే ఉండొచ్చు, ఎరుపు అంటే లోపలికి అడుగు పెట్టకూడదు. అది పైపైన చూసి ఇచ్చేది మాత్రమే, పూర్తి పరీక్ష తర్వాత జరగాలి. ఏప్రిల్ 25న 7.8 వచ్చింది, మే 12న మళ్లీ 7.3. మొదటిదానికి బీటలిచ్చి నిలబడ్డవి కొన్ని రెండోదానికి పడిపోయాయి. కాబట్టి ‘ఒకసారి తట్టుకుంది కదా’ అని సామాన్ల కోసం లోపలికి వెళ్లకండి, దయచేసి.

కూల్చడం గురించి కూడా చెప్తా. పాత బస్తీల్లో మట్టితో కట్టిన ఇటుక ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, యంత్రం పోయే సందు ఉండదు. వీధి మీదికి ఒరిగినవాటికి దుంగలు అడ్డంగా ఆనించి, పైకప్పు నుంచి ఒక్కో వరస చేత్తో విప్పేవాళ్లు. చెక్కిన కిటికీలు జాగ్రత్తగా దించి దాచిన ఇళ్లు ఉన్నాయి, ఇటుకలు దులిపి మళ్లీ వాడారు.

సబర్మతి_రావు:
కాంక్రీటు బిల్డింగ్ కూడా అంతే లక్ష్మి గారూ, పై నుంచి కిందికే. పగలగొట్టిన శిథిలాలు కింది స్లాబు మీదే కుప్ప పోస్తే ఆ బరువుకి అదీ దిగిపోతుంది, ఎప్పటికప్పుడు దించేయాలి. కరెంటు, గ్యాస్ ముందే తీసేయించాలి, పక్క బిల్డింగ్ గోడలకి ఆనింపులు పెట్టాలి.

ఖమ్మం_కుర్రాడు:
శీను అన్నా, పిల్లర్లకి జాకెటింగ్ (చుట్టూ కొత్త రాడ్లు, కాంక్రీటు తొడుగు) చేయిస్తే సరిపోతుందా? ఇక్కడ ఒక కాంట్రాక్టరు పార్కింగ్‌లో చుట్టూ కాంక్రీటు పోస్తే చాలంటున్నాడు.

పిల్లర్_శీను:
పోస్తే చాలదు. పాత కాంక్రీటు గరుకుగా కంకర కనపడేలా చెక్కాలి, కొత్త రాడ్లు పునాదిలోంచి మొదలై స్లాబుకి రంధ్రాలు వేసి పై అంతస్తులోకి వెళ్లాలి. చాలాచోట్ల బీము కిందే ఆపేస్తారు, చూడటానికి లావుగా ఉంటుంది గానీ ఊపు వచ్చినప్పుడు విరిగేది సరిగ్గా అక్కడే. రావు గారు చెప్పిన 2001 కచ్ (భుజ్) భూకంపం తర్వాత 2002లో భూకంప బలాల లెక్కకి వాడే ఐఎస్ 1893 ప్రమాణం మార్చి, గోడల్లేని అంతస్తు పిల్లర్లనీ బీములనీ రెండున్నర రెట్ల బలానికి లెక్కించమన్నారు. మీ బిల్డింగ్ ఎప్పటిదో చూడు. స్ట్రక్చరల్ డ్రాయింగులు అసోసియేషన్ దగ్గర ఉన్నాయా? లేకపోతే ముందు బిల్డర్‌నో మున్సిపల్ ఆఫీసునో అడిగి అవి సంపాదించు, కాంట్రాక్టరుతో సంబంధం లేని ఇంజనీరుకి చూపించు. దెబ్బ తగిలాక అయితే ఆయన చూసేదాకా పగుళ్ల మీద ఎవర్నీ ప్లాస్టరింగ్ చేయనివ్వకు.

ఖమ్మం_కుర్రాడు:
2004లో కట్టింది అన్నా. డ్రాయింగులు అడుగుతా, దొరికాక ఇక్కడే పెడతా.