మిషన్‌లో నా తోడుగా ఉన్నవాడి బాధ నా నవలలో రాయొచ్చా?

పాతడైరీ

నవల రాస్తున్నాను. ఏడో అధ్యాయం దగ్గర నాలుగు నెలలుగా ఆగిపోయాను. ఇక్కడ కథలు రాసేవాళ్లూ ఉన్నారు, మా సంఘం గురించి తెలిసినవాళ్లూ ఉన్నారు, అందుకే అడుగుతున్నాను.

నేను హైదరాబాద్‌లో మోర్మన్ కుటుంబంలో పుట్టి పెరిగాను. సంఘం అసలు పేరు కడవరి దిన పరిశుద్ధుల యేసు క్రీస్తు సంఘం. 2018 నుంచి మా పెద్దలు ఆ పేరే వాడమంటున్నారు, కానీ బయట మోర్మన్ అంటేనే తెలుస్తుంది కాబట్టి ఇక్కడ అలాగే రాస్తున్నాను. 1978లో సమోవా నుంచి వచ్చిన ఒక తెలుగు దంపతులు హైదరాబాద్‌లో తమ బంధువులకు ఈ విశ్వాసం గురించి చెప్పారు, మా ఊళ్లో అలా మొదలైంది. 2012లో దేశంలోనే మొదటి స్టేక్, అంటే కొన్ని వార్డులు (ఆదివారం కలిసే స్థానిక సంఘాలు) కలిసిన విభాగం, మా హైదరాబాద్‌లోనే ఏర్పడింది. ఇంత జరిగినా మా గురించి తెలుగులో ఒక్క నవల కూడా నా కంటపడలేదు. కథల్లో మోర్మన్ అంటే సైకిల్ మీద వెళ్లే ఇద్దరు అమెరికా కుర్రాళ్లే.

మిషన్ అంటే తెలియనివాళ్ల కోసం: అబ్బాయిలు రెండేళ్లు, అమ్మాయిలు పద్దెనిమిది నెలలు ఇల్లు వదిలి వెళ్లి సువార్త చెప్పాలి. ఎక్కడికి పంపితే అక్కడికి. పొద్దున ఆరున్నరకి లేవాలి, రాత్రి పదిన్నరకి లైట్లు ఆర్పాలి. కంపానియన్ అని ఒకరిని తోడిస్తారు, ఎవరన్నది మన చేతుల్లో ఉండదు. అతను ఎప్పుడూ మన కంటికి కనబడుతూ, పిలిస్తే పలికేంత దూరంలోనే ఉండాలి. ఒకరినొకరు ఎల్డర్ అనీ ఆ తర్వాత ఇంటిపేరుతోనూ పిలుచుకోవాలి. నేను వెళ్లింది 2014లో. అప్పట్లో ఇంటికి వారానికో ఈమెయిల్, ఫోన్ మాత్రం క్రిస్మస్‌కీ మదర్స్ డేకీ. (2019 నుంచి వారం వారం ఫోన్ చేసుకోనిస్తున్నారు.)

నా మూడో కంపానియన్ ఒక రాత్రి చీకట్లో పడుకుని, నాకు నమ్మకం లేదు, ఎప్పుడూ లేదేమో, మా నాన్న కోసం వచ్చాను అన్నాడు. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. పదకొండు రోజుల తర్వాత నేనే పైవాళ్లకు చెప్పాను, అతని మేలు కోసమే అనుకుని. మూడు వారాల్లో అతను ఇంటికి వెళ్లిపోయాడు. మధ్యలో తిరిగొచ్చిన కుర్రాడిని మా దగ్గర నోటితో ఎవరూ ఏమీ అనరు, కానీ ఆదివారం అతని పక్క కుర్చీ ఖాళీగా ఉంటుంది.

ఆ రాత్రే నా ఏడో అధ్యాయం. పేరు, ఊరు మార్చి రాయొచ్చా? లేక అది రాసే హక్కు నాకు లేదా?

గుంటూరు_కథకుడు

రాయండి. తప్పకుండా రాయండి.

మాది నాలుగు తరాల లూథరన్ కుటుంబం. మా ముత్తాత ఉపదేశి, ఊరూరా నడిచి వాక్యం చెప్పేవాడు. 1842లో హేయర్ దొరగారు గుంటూరు వచ్చిన దగ్గర్నుంచి అమెరికా మిషనరీలు తమ దేశానికి రాసుకున్న ఉత్తరాలు, నివేదికలు భద్రంగా ఉన్నాయి, ఎంతమందికి బాప్తిస్మం, ఎన్ని బడులు, అన్నీ. వాళ్ల వెనక సంచి మోసుకుంటూ నడిచిన ఉపదేశి రాత్రి పడుకునే ముందు ఏమనుకున్నాడో ఎక్కడా లేదు. ఆయనకి అనుమానాలు లేవా? ఉండే ఉంటాయి. మా ఇంట్లో ఆయన గురించి మిగిలింది ఒక్క ఫోటో, రెండు పొగడ్తలు. ఎవరో ఒకరు నొచ్చుకుంటారని తరతరాలుగా మౌనంగా ఉంటే చివరికి మిగిలేది అదే. పేరు మార్చండి, ఊరు మార్చండి, రాసేయండి. అడిగి రాయాలంటే ఈ భూమ్మీద ఒక్క మంచి కథ ఉండేది కాదు.

ఉప్పుసరస్సు_ఒడ్డున

నేను మోర్మన్‌ని కాను, పదమూడేళ్లుగా అమెరికాలో యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీ దగ్గర ఉంటున్నాను. మా వీధిలో ఎక్కువమంది వాళ్లే. పక్కింటి కుర్రాళ్లు మిషన్‌కి వెళ్లడం, తిరిగి రావడం కళ్లారా చూస్తుంటాను, అందుకని నాకు తెలిసింది చెప్తాను.

ఇది మొదటినుంచీ రాసుకునే మతం. 1830 ఏప్రిల్ 6న సంఘం స్థాపించిన రోజే మీ మధ్య ఒక వృత్తాంతం రాసి ఉంచాలి అని ఆజ్ఞ వచ్చిందని వాళ్ల గ్రంథంలోనే ఉంది. 1970ల్లో సంఘాధ్యక్షుడు కింబల్ ప్రతి కుటుంబం డైరీ రాయాలని పట్టుబట్టాడు. 1888లో ఆర్సన్ విట్నీ అనే పెద్దాయన మనలోనూ మిల్టన్లు, షేక్‌స్పియర్లు పుడతారు అని ఉపన్యాసం ఇచ్చాడు, ఇక్కడి రచయితలు ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటారు. అంటే రాయొద్దని ఎవరూ అనలేదు, ఏం రాస్తారన్న దగ్గరే పేచీ. బ్రయన్ ఎవెన్సన్ అనే రచయిత, సంఘమే నడిపే బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్తూ 1994లో మొదటి కథల పుస్తకం వేశాడు. అందులో హింస ఎక్కువగా ఉందని ఒక విద్యార్థి పేరు పెట్టకుండా సంఘ పెద్దలకి ఉత్తరం రాశాడు. మరుసటి ఏడాదికి ఆయన ఆ ఉద్యోగం వదిలేశాడు, తర్వాతి కాలంలో సంఘం కూడా వదిలేశాడు. మిషన్ మీద వచ్చే కథలు కూడా నేను చదివినంతలో రెండు కుప్పలుగా ఉంటాయి. ఉన్నవాళ్లు రాస్తే చివర్లో ఎవరో ఒకరు బాప్తిస్మం తీసుకుంటారు, బయటికి వచ్చినవాళ్లు రాస్తే చివర్లో హీరో తన మిషనరీ నేమ్‌ట్యాగ్ తీసేస్తాడు. మీరు రాయాలనుకుంటున్నది ఈ రెండింటిలో ఏదీ కాదు, అందుకే నాకు చదవాలని ఉంది.

ఒక్క విషయం మాత్రం కథకుడుగారితో ఒప్పుకోను. పేరు మారిస్తే సరిపోతుందనుకోవద్దు. యూటాలో లక్షలమంది ఉన్నారు, అయినా ముందే తిరిగొచ్చిన పిల్లాడెవరో వార్డు మొత్తానికి తెలుసు. హైదరాబాద్‌లో మీరు ఉన్నదే కొద్దిమంది. ఆ ఏడాది మిషన్ మధ్యలో తిరిగొచ్చినవాళ్లు ఎంతమంది? ఇద్దరా, ముగ్గురా? పుస్తకం వచ్చిన మొదటి ఆదివారమే అతనెవరో తేలిపోతుంది.

పద్దెనిమిది_నెలలు

ఇక్కడ మామూలుగా రాయను, చదివి వెళ్లిపోతాను. ఇవాళ రాయాల్సి వచ్చింది.

తమ్ముడూ, నేను కూడా మిషన్ చేశాను. 2012లో అమ్మాయిల వయసు 21 నుంచి 19కి తగ్గించారు, ఆ తర్వాత వెళ్లినవాళ్లలో నేనొకదాన్ని. మీకు తెలుసు, మిగతావాళ్లకి చెప్తున్నాను: మిషన్‌లో ఒంటరిగా ఉండే చోటు బాత్రూమ్ ఒక్కటే. నేను రోజూ రాత్రి లోపలికి వెళ్లి కుళాయి పూర్తిగా తిప్పి పది నిమిషాలు ఉండేదాన్ని.

మిషన్ అయిపోయిన ఆరేళ్లకి ఒక కథ చదివాను. రాసింది నా కంపానియన్. అందులో సిస్టర్‌కి (అమ్మాయి మిషనరీని అలాగే పిలుస్తారు) నా పేరు లేదు, నా ఊరు లేదు, పొడవు కూడా మార్చింది. కానీ ఆ అమ్మాయి రోజూ రాత్రి కుళాయి తిప్పి లోపల ఏడుస్తుంది, బయట ఈమె తలుపుకి చెవి ఆనించి వింటూ ప్రార్థన చేస్తుంది. కథ చాలా బాగుందని అందరూ మెచ్చుకున్నారు. మా అమ్మకి నేనే చదివి వినిపించాను, ఎవరో చెప్పకుండా. విని, పాపం ఆ పిల్ల అంది. ఆ "పాపం" అన్న మాట మింగడానికి నాకు చాలా రోజులు పట్టింది.

నేను రాయొద్దు అనడం లేదు. మీరు ఒకసారి అతనికిచ్చిన మాట తప్పారు, అది మీరే ఒప్పుకున్నారు. అడక్కుండా అచ్చు వేస్తే అది రెండోసారి అవుతుంది. మొదటిసారి చెప్పింది పైవాళ్లకే, ఈసారి ఎంతమంది చదువుతారో మీకే తెలియదు.

గుంటూరు_కథకుడు

అమ్మా, మీ బాధ అర్థమైంది, దాన్ని తక్కువ చేయను. కానీ ఒక మాట ఆలోచించండి. ఆ కథ చదివి, తలుపు లోపల కుళాయి తిప్పుకున్న ఇంకో పది మంది అమ్మాయిలు నేనొక్కదాన్నే కాదు అనుకుని ఉంటారు. మీకు కలిగిన నొప్పి ఎంత నిజమో వాళ్లకి దొరికిన ఊరట కూడా అంతే నిజం. నిజాన్ని చెప్పడమే కథ పని, అందులో ఎవరికో ఒకరికి గాయం తగలకుండా ఉండదు.

పద్దెనిమిది_నెలలు

నిజం అంటున్నారు కదండీ. నేను ఏడవలేదు.

మిషన్‌లో సినిమా పాటలు వినకూడదు, పాడకూడదు. మా అమ్మ వంట చేస్తూ ఘంటసాల పాటలు పాడేది, నాకు అవి లేకపోతే నిద్ర పట్టదు. కుళాయి చప్పుడులో ఎవరికీ వినపడకుండా రోజుకి రెండు పాటలు పాడుకుని బయటికొచ్చి పడుకునేదాన్ని. ఆ పద్దెనిమిది నెలల్లో రోజు మొత్తంలో నేను అంత హాయిగా ఉన్న సమయం ఇంకోటి లేదు. ఆమె తలుపు అవతల నిలబడి నా కోసం ప్రార్థన చేసిందంటే అది ప్రేమే, ఆ మాట కథ చదివాకే తెలిసింది, అందుకు కోపం లేదు. కానీ ఒక్క ఫోన్ చేసి, అప్పుడు నువ్వు లోపల ఏం చేసేదానివి అని అడిగి ఉంటే చెప్పేదాన్ని. అప్పుడు ఆమె కథ ఇంకా బాగుండేది కూడా.

చదువరి_కర్నూలు

మధ్యలో అడ్డొస్తున్నందుకు క్షమించండి. మిషన్‌కి ముందు మీ టెంపుల్‌లో, అంటే మామూలు చర్చి కాకుండా ప్రత్యేక మందిరంలో, ఏవో ప్రమాణాలు చేయిస్తారని విన్నాను. 2009లో అమెరికాలో ఒక టీవీ సీరియల్‌లో ఆ క్రతువు చూపిస్తే పెద్ద గొడవైంది, చానల్ నొప్పించినందుకు క్షమాపణ చెప్పి కూడా ఆ భాగం ప్రసారం చేసింది. మీ నవలలో అది ఉంటుందా?

పాతడైరీ

ఉండదు. అందులో కొన్ని బయట చెప్పనని నేనే మాటిచ్చాను, దాని మీద నాకు సందేహమే లేదు. అప్పట్లో మన దేశంలో టెంపుల్ లేదు కాబట్టి వేరే దేశం వెళ్లాల్సి వచ్చేది (బెంగళూరులో కడతామని 2018లో ప్రకటించారు). మా నాన్న పీఎఫ్ డబ్బులు తీసి మా ముగ్గురికీ టికెట్లు కొన్నాడు. నా కథలో ఆ పీఎఫ్ ఉంటుంది, విమానంలో మా అమ్మ కిటికీ వదలకపోవడం ఉంటుంది, టెంపుల్ తలుపు దాకా ఉంటుంది. లోపలిది పాఠకుడికి అక్కర్లేదు.

అక్కా, మీ రెండో పోస్ట్ చదివి నా డైరీ తీశాను. ఆ రాత్రి గురించి అప్పుడు ఏం రాసుకున్నానో చూద్దామని. "ఎల్డర్ తెల్లవార్లూ పైకప్పు వైపు చూస్తూ పడుకున్నాడు, దేవుడు లేని చీకటి ఎలా ఉంటుందో అతని మొహంలో చూశాను" అని ఉంది. లైట్లు ఆర్పేసిన గదిలో నాకు అతని మొహం ఎలా కనబడింది? నేను అడగనే లేదు. అతను భయపడుతున్నాడో, చెప్పేశాక తేలికపడ్డాడో, నాకు తెలియదు. అదే మాటలు పన్నెండేళ్లుగా నిజమని మోస్తున్నాను, పైవాళ్లకి చెప్పింది కూడా ఆ మాటల్లోనే.

ఇంకో సంగతి. నవలలో ఇప్పటిదాకా అతనే ముఖ్యపాత్ర, నేను పక్కన కూర్చుని చూసేవాణ్ణి. తప్పు చేసింది నేనైతే కథ అతనిది ఎందుకైంది? మాటిచ్చాక గడిచిన ఆ పదకొండు రోజులు నావి. రోజూ అతనితో కలిసి గుమ్మాలు ఎక్కాను, తెచ్చిన టీ ఇద్దరం వద్దన్నాం (మా సంఘంలో టీ, కాఫీ తాగకూడదు), ఎందుకు తాగరమ్మా అని ఆ ఇంటివాళ్లు అడిగితే ఇద్దరం ఒకే జవాబు చెప్పాం, లోపల మాత్రం ఎవరికి చెప్పాలి, ఎలా చెప్పాలి అని వాక్యాలు కూర్చుకుంటూనే ఉన్నాను. అది రాయడానికి నాకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఉప్పుసరస్సు_ఒడ్డున

ఆ పదకొండు రోజులే నవల అనిపిస్తోంది నాకు. టీ దగ్గర ఆగండి, ఆ సంగతి అమెరికా రచయితలెవరూ రాయలేరు. ఇక్కడ కాఫీ వద్దంటే సరే అని నీళ్లిస్తారు. మన ఇళ్లలో టీ వద్దంటే మనిషినే వద్దన్నట్టు.

గుంటూరు_కథకుడు

మంచిదే, కానీ నా మాట నేను వెనక్కి తీసుకోను. అతను ఆ రాత్రి ఏమన్నాడో లేకుండా మీ పదకొండు రోజులకి బరువెక్కడిది? పాఠకుడికి ఆ మాట వినపడాలి. అతని మొహం మీరు ఊహించుకున్నారు, సరే, ఊహించడం రచయిత పని, అందులో తప్పేముంది? అతను వద్దంటే ఏం చేస్తారు? నవల మూసేస్తారా?

పాతడైరీ

మూయను. వద్దంటే అతను అన్న మాట పుస్తకంలో ఉండదు, లైట్లు ఆరతాయి, తర్వాతి పేజీలో తెల్లవారుతుంది. బరువు తగ్గుతుందని మీరన్నది నిజమే, తగ్గనివ్వండి.

నిన్న రాత్రి అతనికి మెసేజ్ పెట్టాను. నంబర్ వేరేవాళ్ల ద్వారా దొరికింది. ఎల్డర్ అని మొదలుపెట్టి చెరిపేసి, పేరుతో రాశాను, ఎదురుగా ఒక్కసారి కూడా అతన్ని ఆ పేరుతో పిలవలేదు. నవల గురించి ఇంకా చెప్పలేదు. ఆ రాత్రి నువ్వు ఎలా ఉన్నావని మాత్రమే అడిగాను.

పద్దెనిమిది_నెలలు

జవాబు రాకపోయినా రెండోసారి పెట్టకండి తమ్ముడూ. వస్తే మాత్రం అతను ఏం చెప్పాడో ఇక్కడ రాయకండి.